బామ్మర్ది బండిలో ఫ్రిజ్

నా భార్యకు ఇన్సులిన్ మొదలైన కొన్నాళ్ళకు మేం పొరుగూళ్ళో రాత్రి నిద్ర చేయడం మానేశాం. మందు ఉండేది తిరువళ్ళూరులో మా ఇంటి ఫ్రిజ్‌లో, కాబట్టి మేమూ అక్కడే ఉండాలి. ఎక్కడికి వెళ్ళినా సాయంత్రం లోకల్ రైలుకు తిరిగి వచ్చేవాళ్ళం. ఆ నియమం నేను పెట్టిందే. దానికి కారణం ఉంది. ఒకసారి బంధువుల పెళ్ళికి పోయి రెండు రాత్రులు ఉన్నాం. మందు పెళ్ళివారి ఫ్రిజ్‌లో పెట్టాం. బాగా పనిచేస్తుందా అని అడిగితే బాగానే పనిచేస్తుంది అన్నారు. పందిట్లో దీపాల కోసం దాని వైరు పీకేసిన సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎండాకాలం. ఆ మూసిన పెట్టెలో ఉడికిన మందునే ఆమె పూటపూటకూ వేసుకుంది. ఇల్లు చేరేసరికి చక్కెర పెరిగిపోయి మాట తడబడింది, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి "బాగానే పనిచేస్తుంది" అని ఎవరన్నా, చూసి చెబుతున్నారా చూడకుండా చెబుతున్నారా అని వాళ్ళ ముఖం వైపు చూడడం నాకు అలవాటైంది.

ఆసుపత్రి మంచం మీదే ఆమె పెరియపాళయం అమ్మవారికి మొక్కుకుంది. ఆడి నెలలో, అంటే మన ఆషాఢం రోజుల్లో వచ్చి, వేపాకు కట్టుకుని గుడి చుట్టూ తిరిగి, ఆ రాత్రి అక్కడే నిద్ర చేస్తానని.

"తిరిగేది సరే, నిద్ర చేస్తానని ఎందుకు మొక్కుకున్నావు?" అని అడిగాను.

"నోటికొచ్చింది. అమ్మోరి దగ్గర మాట తిప్పమంటావా?"

మాట తిప్పలేదు, మొక్కూ తీరలేదు. ఏటా ఆడి నెల వచ్చేది, పోయేది. మా వీధి గుండా పసుపుబట్టలు కట్టిన భక్తులు పంబ డప్పులు వాయిస్తూ పోతుంటే ఆమె వాకిట్లో నిలబడి చూసి, లోపలికి వచ్చి తన పని చేసుకునేది.

ఆమె పుట్టిల్లు అత్తిమంజేరిపేట. మగ్గాల ఇల్లు. ఇప్పుడు అక్కడ ఉన్నది ఆమె తమ్ముడు, అతని భార్య. అతను నేసేది కొంత, నేయించి అమ్మేది ఎక్కువ. చీరలూ లుంగీలూ వేసుకుని దూరపు తిరునాళ్ళకు పోయి అక్కడే పడుకుని అమ్ముకోవడానికని ఒక పాత వ్యాన్ కొన్నాడు. సీట్లు పీకించి, రెండు మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి, ఒక చిన్న ఫ్రిజ్ పెట్టించాడు. ఆ ఫ్రిజ్ బండి బ్యాటరీతో కాక, మంచం కింద ఉన్న రెండో బ్యాటరీతో నడుస్తుంది. పైన కప్పు మీద సోలార్ పలక. చూడడానికి ముచ్చటగానే ఉంది.

"ఇంగ నీకేం కష్టం అక్కా. మందు నా బండిలో పెట్టు, పెరియపాళయంలో నిద్ర చెయ్యి. ఫ్రిజ్ బాగానే పనిచేస్తాది," అన్నాడు బామ్మర్ది.

ఆమె నా వైపు చూసింది.

"చూద్దాం," అన్నాను.

నేను ఉద్యోగం చేసినంత కాలం గిడ్డంగుల తనిఖీలో పనిచేశాను. మూట విప్పకుండా లెక్క ఒప్పుకున్నది లేదు. పదవీ విరమణ చేసినా డైరీ రాయడం మానలేదు, తనిఖీ కూడా మానలేదు. బండిని మా ఇంటి ముందుకు తెప్పించి పరీక్ష మొదలుపెట్టాను. ఫ్రిజ్ తలుపులో కాగితం ముక్క పెట్టి మూసి, లాగి చూశాను. నాలుగు వైపులా గట్టిగానే పట్టింది, అంటే తలుపు రబ్బరు మంచిదే. బ్యాటరీ మీద పట్టిన తెల్లటి పొడి గీకించాను. ఎండ ఫ్రిజ్ ఉన్న వైపు పడకుండా బండిని తిప్పి నిలబెట్టించాను. వైరు చివర మొన, ఇంకో చివర అంకెలు కనిపించే గాజు ఉన్న చిన్న థర్మామీటరు కొని, మొన లోపల పెట్టి గాజును బయట తగిలించాను. మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. రోజంతా అంకె ఆ హద్దు దాటలేదు. బండికి బయటి పక్కన ఉన్న ఇనుప జాలీలోంచి వేడిగాలి కొడుతుంటే అదీ చెయ్యి పెట్టి చూశాను. లోపలి వేడిని బయటికి తోసేయడమే ఫ్రిజ్ చేసే పని. అది సక్రమంగానే చేస్తోంది.

"ఇంగనైనా నమ్మినావా బావా?" అన్నాడు బామ్మర్ది.

"నిలబడి ఉన్నప్పుడు నమ్మినాను. నడిచేటప్పుడు చూడాల."

మందు పెట్టకుండా, థర్మామీటరు ఒక్కటీ పెట్టి, ఆరంబాక్కం దాకా ఒక పగటి ప్రయాణం పోయాం. చేపలు పట్టేవాళ్ళకు లుంగీలు అమ్మడం అతని పని, అంకె చూడడం నా పని, ఊరికే కూర్చుని దారి చూడడం నా భార్య పని. మిట్టమధ్యాహ్నానికి అంకె పది దాటింది. సాయంత్రానికి ఇంకా పెరిగింది. మర్నాడు బండిని మా వాకిట్లో నిలబెట్టి చూస్తే మళ్ళీ చక్కగా నాలుగు. ఇంకోసారి అత్తిమంజేరిపేట దాకా పోయి వచ్చాం. దారిలో వెచ్చన, వాకిట్లో చల్లన.

నేను చూసేటప్పుడు ఒక లెక్క, చూడనప్పుడు ఇంకో లెక్క ఉంటే గిడ్డంగిలో దానికి పేరు ఒకటే. సరుకు దారిలో పోతోందని అర్థం.

మొదట బామ్మర్ది భార్య మీద అనుమానం పడ్డాను. ఆమె చేతికి ఖాళీ జాగా కనబడకూడదు. పొయ్యి మీది నుంచి దించిన పాలు, దోసెల పిండి గిన్నె, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు అన్నీ ఆ బుల్లి ఫ్రిజ్‌లోకి దూరుస్తుంది. వేడివి పెట్టకూడదని, గిన్నెకూ గిన్నెకూ మధ్య గాలి ఆడాలని, ముందురోజే ఇంటి కరెంటుతో చల్లబరిచి, గడ్డకట్టిన నీళ్ళసీసాలు రెండు పెట్టుకుంటే బ్యాటరీకి శ్రమ తగ్గుతుందని చెప్పాను. విన్నది. ఆ తరువాత ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా నన్ను పిలిచేది.

"అన్నా, ఈ మూర మల్లెపూలకు లోపలికి పోను పర్మిషన్ ఉండాదా?"

"ఉండాది."

"చేతిరాతతో ఇస్తావా, నోటిమాట చాలునా?"

ఆమె నియమాలన్నీ పాటించిన తరువాత కూడా దారిలో అంకె పెరిగింది. దానితో అనుమానం వేరే చోటికి మళ్ళింది. ఫ్రిజ్ మీట ఉన్నది డ్రైవరు సీటు కింద. బండి నడిపేది బామ్మర్ది. అదే బ్యాటరీ మీద అతని ఫ్యాను, సాయంత్రం చీరలు పరిచి చూపించడానికి వేసే దీపాలు నడుస్తాయి. దారిలో ఫ్రిజ్‌ను కాసేపు ఆపేస్తే సాయంత్రం దీపాలకు బలం మిగులుతుంది. అతను చెడ్డవాడని నేను ఎప్పుడూ అనుకోలేదు. పెళ్ళివారు కూడా చెడ్డవాళ్ళు కారు.

ఈ సంగతి నా భార్యతో అనలేదు. ఈ ఏడు వద్దు, వచ్చే ఏడు చూద్దాం అని మాత్రం అన్నాను. ఆమె కాళ్ళు చాపి కూర్చుని ఉంది. చీర కొంచెం పైకి జరిపి మోకాళ్ళు చూపించింది. రెండూ వాచి ఉన్నాయి.

"వచ్చే ఏడు ఇవి నన్ను గుడి చుట్టూ తిప్పుతాయని నువ్వు సంతకం పెడితే, వచ్చే ఏడే పోదాం," అన్నది.

ఒక షరతు మీద ఒప్పుకున్నాను. పేటలో బయలుదేరి, తిరుత్తణి మీదుగా తిరువళ్ళూరు రావాలి కదా, మా ఇల్లు దారిలోనే ఉంటుంది. అక్కడికి చేరేసరికి అంకె ఎనిమిది లోపల ఉంటే పెరియపాళయం పోదాం. లేకపోతే మేమిద్దరం ఇంటి దగ్గర దిగిపోతాం. ఆమె సరేనన్నది. సరే అన్నప్పుడు నా ముఖం వైపు చూడలేదు.

ఆ రోజు పొద్దున్నే మందును ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని మొదటి బస్సుకు పేటకు పోయాం. వాళ్ళ ఇంట్లో ఏ ప్రయాణానికైనా ముందు జరిగే పద్ధతి ఒకటి ఉంది. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించినప్పుడు మొదట కోసిన గుడ్డను వాళ్ళు అమ్మరు. పసుపులో ముంచి ఆరబెట్టి ఇంట్లో దాచుకుంటారు. ఏదైనా పని మొదలుపెడితే ఆ పనిముట్టుకు కడతారు, పని పూర్తయ్యాక కర్పూరం వెలిగించి విప్పుతారు. మధ్యలో విప్పడం లేదు. బండి కొన్నాక బండికీ అదే పద్ధతి వచ్చింది. బయలుదేరే ముందు బామ్మర్ది ఆ గుడ్డను రెండు మడతలు వేసి, ఫ్రిజ్ పక్కన ఉన్న కర్ర పట్టీల మీద, మురుగన్ పటం కింద, నాలుగు మూలలా బిగించి కట్టాడు. చక్కటి గుడ్డ, అతని సొంత నేత. చుట్టూ పచ్చగా కనిపిస్తే బండికి ఒక కళ వచ్చింది.

వాళ్ళు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే నేను లోపలికి పోయి, మగ్గం కింద పడి ఉన్న నూలుపోగు ఒకటి ఏరుకొచ్చాను. డ్రైవరు సీటు కింద మీటకు అడ్డంగా దాన్ని కట్టి, గిడ్డంగి తలుపులకు వేసే ముడి వేశాను. మీట కదిలితే పోగు తెగుతుంది. తరువాత ఇంటి ఫ్రిజ్‌లోంచి తీసినట్టు నిదానంగా, ఫ్లాస్కులోని మందు సీసాలు బండి ఫ్రిజ్‌లోకి మార్చాను.

దారి పొడుగునా కావడి మోసేవాళ్ళు నడుస్తున్నారు. బండి నెమ్మదిగా పోయింది. నా భార్య ఫ్రిజ్ వైపు మంచం మీద వాలి కళ్ళు మూసుకుంది. నేను ఎదురు మంచం మీద కూర్చుని అంకె చూస్తున్నాను. ఐదు, ఆరు, ఏడు. మధ్య మధ్య తలుపు తెరిచి, సీసాను వేలితో తాకి చూశాను. తిరుత్తణి కొండ కింద బండి ఆపి, బామ్మర్ది భార్య కొండకేసి కర్పూరం వెలిగించి వచ్చేసరికి అంకె పది.

బామ్మర్ది టీ తాగడానికి దిగగానే సీటు కింద చూశాను. పోగు తెగలేదు. ముడి నేను వేసినట్టే ఉంది. నిజం చెప్పాలంటే అది తెగి ఉంటే నా మనసు కుదుటపడేది. దొంగ దొరికితే సరుకు దొరికినట్టే. ఇప్పుడు మీట కదలలేదు, గిన్నెలు లేవు, తలుపు గట్టిది, అయినా మందు వేడెక్కుతోంది. ఎవరిని అనుమానించాలో తెలియలేదు.

ఇంతలో బామ్మర్ది తిరిగి వచ్చి, సీటు కింద ఉన్న నీళ్ళ సీసా కోసం వంగాడు. వంగినవాడు లేవలేదు.

"ఇదేంది?"

పోగును తెంపి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"ఇది నా నూలు," అన్నాడు. "మా మగ్గం కింద నూలు ఏరుకొచ్చి మాకే సీలు ఏసినావా బావా?"

"మీట పొరపాటున ఎవరికైనా తగిలితే..."

"ఎవురికి తగులుతాది? ఈ సీట్లో నేను గాక ఇంకెవురు కూచుంటారు?"

అతని భార్య తొంగి చూసింది. "ముడి మాత్రం బాగుండాది అన్నా. మా ఇంట్లో పుట్టినోళ్ళకు గూడా ఇట్లా రాదు."

అతను నవ్వలేదు. "మా అక్క మందులో నేను కరెంటు మిగిలించుకుంటానా? నోరు తెరిచి సెప్పు."

"మిగిలించుకున్నావని నేను అనలేదు. చల్లగా లేదు అంటున్నాను."

"నువ్వు అంటే రెండూ ఒగటే బావా. ముప్పై ఏండ్లుగా చూస్తాండాను నిన్ను. పెండ్లిచూపులకు వచ్చినప్పుడు గూడా కాఫీ తాగే ముందు లోటా అడుగు చూసినావు."

"చీమ ఉన్నింది దాంట్లో," అన్నాను.

"మీ ఇద్దురూ సుమ్మా కిందికి దిగి కొట్లాడుకోండి," అన్నది నా భార్య, కళ్ళు తెరవకుండానే. "నన్ను కొంజెంసేపు మోకాలు కాపుకోనీండి."

"దేనితో కాపుకుంటాండావు?" అన్నాను. వేడినీళ్ళ సంచి మేం తేలేదు. తేవలసినవాటిని నేనే సర్దాను కాబట్టి నాకు తెలుసు.

"ఈడ. ఈ గుడ్డకు ఆనిస్తే సుఖంగా ఉండాది. ఆరంబాక్కం పోయినప్పుడు గూడా ఇట్లే ఉన్నింది. అమ్మోరి గుడ్డ గదా, అందుకే అనుకున్నా."

ఆమె మోకాలు పసుపు గుడ్డకు ఆనించి ఉంది. నేను లేచి ఆ గుడ్డ మీద అరచెయ్యి పెట్టాను. అన్నం వార్చిన గిన్నె మూతలా ఉంది. మూల ముడి పక్కనుంచి కొంచెం ఎత్తి చూస్తే, కర్ర పట్టీల సందుల్లోంచి వేడి నా ముఖానికి కొట్టింది. బామ్మర్ది నన్ను పక్కకు జరిపి తనూ చెయ్యి పెట్టాడు. తరువాత దిగి, చుట్టూ పోయి, బయటి జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూసి వచ్చాడు.

"బయట గాలే లేదు," అన్నాడు.

ఆ పట్టీల సందులు ఫ్రిజ్ వెనక్కి గాలి పోయే దారి. లోపలి నుంచి గాలి అందులోకి పోయి, వేడిని తీసుకుని బయటి జాలీ గుండా వెళ్ళాలి. లోపలి దారి మూసేస్తే వేడి వెనకే నిలబడిపోతుంది, ఫ్రిజ్ ఎంత కష్టపడినా చల్లబడదు. మా వాకిట్లో బండి నిలబడి ఉన్నప్పుడు ప్రయాణం లేదు, కాబట్టి గుడ్డ కట్టలేదు, కాబట్టి చల్లగా ఉంది. వాకిట్లో నేను పెట్టిన పరీక్షలన్నీ గుడ్డ లేనప్పుడు పెట్టినవే.

"ఫ్రిజ్ పెట్టినోడు దీనికి అడ్డం పెట్టెలు పెట్టొద్దన్నాడు," అన్నాడు బామ్మర్ది నిదానంగా. "పెట్టె పెట్టలేదు. గుడ్డ అడ్డమని నాకు తోచలేదు బావా. మన గుడ్డలో గాలి ఆడతాదని సెప్పి గదా ఊరూరా అమ్మేది."

"నువ్వు నేసినదాంట్లో ఆడదు," అన్నది అతని భార్య. "మొదటి గుడ్డని మరీ దిట్టంగా నేస్తివి. దాంట్లో నీళ్ళు గూడా మోయొచ్చు."

"తీసెయ్యి," అన్నాను నేను.

అతను కదలలేదు. దారి మధ్యలో విప్పడం వాళ్ళ నాయన కాలంలో జరగలేదు, అంతకు ముందూ జరగలేదు. సగం పడుగును మగ్గం మీదే కోసేయడం లాంటిదని నాకు తెలుసు. అంకె వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. చేతులు రెండూ పంచెకు తుడుచుకున్నాడు, మళ్ళీ వేలాడేశాడు.

"నేను విప్పుతా," అన్నది నా భార్య. లేచి కూర్చుంది. "నేను ఆ ఇంటి ఆడబిడ్డను. నేను విప్పితే తప్పు లేదు. అదీగాక ఈ మొక్కు నాది, బయల్దేరింది నా పని. గుడ్డ బండికి గాకుండా నాకు కడితే విప్పినట్టు కాదు."

ఎవరూ కాదనలేదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో వాళ్ళ ఇంట్లో ఆడబిడ్డ మాటకు ఎదురు లేదు. ఆమె నాలుగు ముడులూ తనే విప్పి, గుడ్డను దులపకుండా భుజాల చుట్టూ కప్పుకుని కొంగులా ముడివేసుకుంది.

"మోకాలికి కాపు పోయెనే వదినా," అన్నది బామ్మర్ది భార్య.

"అమ్మోరి దగ్గర అడుక్కుంటాలే."

బండి కదిలింది. గుడ్డ ఒక్కటే కారణమా, దాని వెనక ఇంకేదైనా ఉందా అని నా మనసు తొలుస్తూనే ఉంది. ఇన్నాళ్ళు వేడిలో పని చేసిన ఫ్రిజ్ లోపల ఏదైనా చెడి ఉండొచ్చు. బ్యాటరీ అలిసిపోయి ఉండొచ్చు. తలుపు తెరిచి సీసా తాకబోయాను. నా భార్య తలుపు మీద చెయ్యి పెట్టి ఆపింది.

"అంకె బయటే కనబడతాంది గదా. ఇంగ తలుపు ఎందుకు తెరిచేది? నువ్వు తెరిచినప్పుడల్లా ఉన్న చల్లదనం గూడా పోతాది."

అది నిజం. నేను చెప్పిన నియమాల్లో అది కూడా ఒకటి. ఆమె థర్మామీటరు గాజును గోడ నుంచి ఊడదీసి, వైరుతో సహా తన ఒడిలో పెట్టుకుంది. "దీన్ని నేను చూసుకుంటా. నువ్వు ముందుకు పోయి కూర్చో."

బామ్మర్ది బండి ఆపాడు. నేను దిగి ముందు సీట్లో కూర్చున్నాను. తిరువళ్ళూరు దాకా అతను మాట్లాడింది ఒక్కసారే. నేను మాటిమాటికీ వెనక్కి తిరుగుతుంటే, "బావా, ముందుకు చూడు. వెనక మనోళ్ళే ఉండారు," అన్నాడు.

మా వీధిలో బండి ఆగింది. నేను ఇంట్లోకి పోయి, మా ఫ్రిజ్‌లో ఉన్న కొత్త సీసాలు ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని వచ్చాను. దారిలో వెచ్చబడిన సీసాలను అడిగి తీసుకుని, వాడకూడదని రాసిన కవరులో వేసి ఇంట్లో పెట్టి, మళ్ళీ వచ్చాను. ఆమె వెనక తలుపు దగ్గర, పసుపు గుడ్డ కప్పుకుని కూర్చుని ఉంది.

"ఎంత ఉంది?" అన్నాను.

"చల్లగా ఉండాది."

"చల్లగా అంటే ఎంత?"

"ఎనిమిదికి లోపలే."

"చూపించు."

గాజు ఆమె పిడికిట్లో, గుడ్డ కింద ఉంది. ఆమె పిడికిలి తెరవలేదు. కోపంగా కూడా లేదు. "నన్ను దిగమంటావా, ఉండమంటావా? అది సెప్పు," అన్నది.

చెయ్యి పట్టుకుని చూసి ఉండవచ్చు. చూసే హక్కు నాకు ఉందనే అనుకున్నాను. ఆసుపత్రిలో ఆమె నన్ను గుర్తుపట్టకుండా చూసిన చూపు నాకు గుర్తుంది, ఆమెకు లేదు. మొక్కు కోసం ఆమె ఒక డిగ్రీ అటూ ఇటూ చెప్పగలదు. నేనైనా చెబుతానేమో. కానీ ఆమె వాచిన కాళ్ళు నా ఎదురుగా కిందికి వేలాడుతున్నాయి. దిగమంటే దిగుతుంది. దిగితే మళ్ళీ ఎక్కదు.

బండి చుట్టూ పోయి, వెనక చక్రం చూస్తున్నట్టు వంగాను. వంగి, బయటి జాలీ దగ్గర అరచెయ్యి పెట్టాను. గాలి కొడుతోంది. మా వాకిట్లో పరీక్ష పెట్టిన రోజు ఎంత ధారగా కొట్టిందో అంత ధారగా, వేడిగా, ఆగకుండా. లోపలి వేడి బయటికి వచ్చేస్తోంది. ఎడమ చెయ్యి కూడా పెట్టి చూశాను. అదే వేడి.

తిరిగి వచ్చి ఫ్లాస్కు ఆమె చేతికి ఇచ్చాను. "వెనక అరలో పెట్టు, తలుపు అరలో వద్దు. బండి ఊగితే తలుపు అర అదురుతుంది," అన్నాను. ఆమె తల ఊపి, సీసాలు ఒక్కొక్కటిగా లోపల పెట్టి, తలుపు మూసింది. మూసిన చప్పుడు గట్టిగానే వినబడింది.

నేను ముందు సీటు ఎక్కాను. బామ్మర్ది అద్దంలోంచి అంతా చూసినట్టున్నాడు.

"ఏం బావా, టైర్లో గాలి ఉండాదా?"

"ఉంది. పద," అన్నాను.

అతను బండిని పెరియపాళయం రోడ్డుకు తిప్పాడు.